బస్సు ఆగేది, ఓడ ఆగదు

ఓడ ప్రయాణానికి పేరు రాయించుకున్న వాళ్ళు మొట్టమొదట తుఫాను గురించి అడుగుతారనుకుంటాం. అడగరు. ఆవకాయ తీసుకెళ్ళనిస్తారా అని అడుగుతారు. మన కృష్ణా జిల్లా వాళ్ళకు నీళ్ళంటే భయం లేదు, పరాయి కూరలంటే భయం.

దానికి జవాబు ముందే చెప్పేస్తాను. ఇంట్లో జాడీలోంచి తీసి డబ్బాలో పెట్టుకున్న పచ్చడిని రేవు గేటు దగ్గరే తీయించేస్తారు. కొట్లో కొన్న సీలు ప్యాకెట్టయితే కొన్ని ఓడల్లో పోనిస్తారు, కొన్నిట్లో పోనివ్వరు. ఎక్కబోయే ఓడ వాళ్ళను ముందే అడిగి కనుక్కోండి. పోనివ్వకపోతే నాలుగు రోజులు ఆవకాయ లేకుండా తినండి. ఎవరూ చిక్కిపోరు.

ఇలా ముఖం మీద చెబుతానని నాకు పేరుంది. నా పేరు సామ్రాజ్యం. విజయవాడలో ప్రసాద్ గారి ట్రావెల్స్‌లో వంటమనిషిగా చేరి, ఓడ ప్రయాణాలకు జనాన్ని వెంటబెట్టుకు వెళ్ళే మనిషిగా పని మానుకున్నాను. ఇప్పుడు ఆఫీసు ప్రసాద్ గారి కోడలు హారిక చూసుకుంటోంది. జనం వెంట పంపడానికి కొత్తగా నలుగురు ఆడపిల్లల్ని పెట్టుకుంది. "మామ్మగారూ, మీకు తెలిసిందంతా వీళ్ళకు రాసిపెట్టండి" అంది. నేను ఐదో తరగతిలో బడి మానేసిన దాన్ని. అయినా రాయడం వచ్చు, మనుషులు ఎక్కడ తప్పటడుగు వేస్తారో తెలుసు. ఈ పనికి ఆ రెండూ చాలు.

బస్సు రోజులు

ఓడ గురించి చెప్పే ముందు బస్సు గురించి చెప్పాలి. మన జనానికి ప్రయాణమంటే ఏమిటో నేర్పింది యాత్రా బస్సే. ఓడ ఎక్కినా వాళ్ళు మనసులో బస్సులోనే కూర్చుని ఉంటారు.

అప్పట్లో కాశీ, రామేశ్వరం, షిర్డీ, ఎటు వెళ్ళినా బస్సు మీద బియ్యం బస్తాలు, కందిపప్పు, నూనె డబ్బాలు, గంగాళాలు ఎక్కేవి. గ్యాస్ పొయ్యి పెట్టుకోవడానికి బస్సు కడుపులో ఒక అర చేయించారు ప్రసాద్ గారు. ఆటోనగర్‌లో బస్సు బాడీ కడుతున్నప్పుడు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, "పిన్నిగారూ, పొయ్యి బయటికి లాగితే మీ నడుం ఎత్తుకు రావాలి, చూసి చెప్పండి" అన్నారు. వంటమనిషి నడుం గురించి ఆలోచించిన యజమానిని నేను మళ్ళీ చూడలేదు. ఆయన మీద నాకు కోపాలున్నాయి, తర్వాత చెబుతాను. ఈ ఒక్కటి మాత్రం ముందు చెప్పడం న్యాయం.

తెల్లవారకముందే ఏదో ఊరి చివర బోరింగు పంపు దగ్గర బస్సు ఆపేవాళ్ళం. జనం పళ్ళు తోముకునే లోపల ఉప్మా అయిపోవాలి. ఆడవాళ్ళు ఊరికే కూర్చునేవాళ్ళు కాదు. ఒకావిడ పచ్చిమిరపకాయలు తరిగేది, ఇంకొకావిడ అల్లం దంచేది, పనితో పాటు అందరి ఇళ్ళ సంగతులూ బయటికొచ్చేవి. ఆ ఉప్మా రుచి మళ్ళీ నా చేతికే రాలేదు. ఇంట్లో అదే రవ్వ, అదే నెయ్యి. ఆ చలిగాలి, ఆ మాటలు ఉండవు.

బస్సులో నాకొక పద్ధతి ఉండేది. ఎక్కడ ఆగినా, బయలుదేరే ముందు నేను తలుపు మెట్టు మీద కూర్చునేదాన్ని. మెట్టు మీద నేనుంటే తలుపు పడదు, తలుపు పడకపోతే డ్రైవరు కోటయ్య బండి తీయడు. అందరూ ఎక్కారని నాకు నమ్మకం కుదిరాకే లేచేదాన్ని.

శ్రీశైలంలో ఒకసారి కోటయ్య విసుక్కున్నాడు. "అమ్మా, ఘాట్ రోడ్డు. చీకటి పడుద్ది. లెగవండి."

"ఉయ్యూరు వెంకటరత్నం గారు రాలేదు."

"ఆయన గుండు చేయించుకుంటున్నాడమ్మా. సగం అయింది, నేనే చూశా."

"అయితే మిగతా సగం అయ్యేదాకా ఆగు."

బస్సులో వాళ్ళంతా నవ్వారు. ఆయన వచ్చాక గుండు మీద ఒక్కొక్కరూ చెయ్యి వేసి మరీ ఏడిపించారు. ఎవరూ కోప్పడలేదు. ఈవేళ ఆయన కోసం ఆగితే రేపు మన కోసం ఆగుతారని అందరికీ తెలుసు. 'సామ్రాజ్యం ఉంది కదా, బస్సు ఎక్కడికి పోద్ది' అనేది మా జనానికి అలవాటైపోయింది. నాకూ లోపల గర్వంగానే ఉండేది.

పొయ్యి లేని ప్రయాణం

కాలం మారింది. జనం విమానాలెక్కడం మొదలుపెట్టారు. వారాల తరబడి బస్సులో కూర్చునే ఓపిక ఎవరికీ లేదు. ప్రసాద్ గారు ఒకరోజు నన్ను పిలిచి, "పిన్నిగారూ, ఇక ఓడ టూర్లు వేద్దాం. చెన్నైలో ఎక్కడం, శ్రీలంక చూపించి మళ్ళీ చెన్నైలో దింపడం. వంట పనే లేదు, అంతా ఓడలోనే" అన్నారు.

"వంట లేకపోతే నేనెందుకు బాబూ?"

"మీరు లేకపోతే కంకిపాడు ఆడవాళ్ళు ఎక్కరు. అందుకు."

మొదటిసారి ఓడ చూసినప్పుడు తల పైకెత్తి చూస్తూ నిలబడిపోయాను. ఊళ్ళో పెద్ద అపార్ట్‌మెంట్ ఒకటి లేచి నీళ్ళ మీదికి వచ్చి కూర్చున్నట్టుంది. లోపల అడుగడుగునా తివాచీ. నా చేతిలో గరిటె లేదు. ఆ రోజంతా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కానీ సాయంత్రానికి పని దానంతట అదే దొరికింది. జనం తప్పులు చేయడం మొదలుపెట్టారు.

కొత్తగా ఎక్కేవాళ్ళకు చెప్పవలసినవి

పెద్ద పెట్టెలు రేవు దగ్గరే ఓడ మనుషులు తీసుకుంటారు. అవి గదికి వచ్చేసరికి సాయంత్రం అవుతుంది. అందుకని మాత్రలు, కళ్ళజోడు, ఒక జత బట్టలు, కాగితాలు చేతిసంచిలో ఉండాలి. షుగరు మాత్రలు పెట్టెలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవి కొంగున ముడేసుకుని, మధ్యాహ్నమంతా ఓడలో పెట్టె కోసం వెతుక్కున్న ఆవిడను నేను చూశాను. ఆవిడ చదువుకున్న మనిషే. భయంలో చదువు పనికిరాదు, చేతిసంచి పనికొస్తుంది.

ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచే కెటిల్, రైస్ కుక్కరు, అగ్గిపెట్టె, కర్పూరం, ఇవేవీ తీసుకురావద్దని రెండుసార్లు చెప్పండి. ఒకసారి చెబితే వినరు. దుప్పటిలో చుట్టి కుక్కరు తెచ్చిన దంపతులు ఉన్నారు. సామాన్లు పరీక్షించే మిషన్‌లో దాని బొమ్మ కనబడగానే తీసి పక్కన పెట్టారు, దిగేటప్పుడు తిరిగిచ్చారు. అంతదాకా ఆయన, "నా కుక్కరులో వాళ్ళు వండుకుంటున్నారేమో" అని ఒకటే గొణుగుడు.

కర్పూరం సంగతి ఇంకా ముఖ్యం. గుడివాడ ఆవిడ ఒకరు తెల్లవారగానే గదిలో దీపం పెట్టి హారతి వెలిగించింది. ఓడకు అన్నిటికంటే భయం నిప్పు. గది పైకప్పులో పొగ పసిగట్టే యంత్రం ఉంటుంది, అది కూసింది. యూనిఫాంలో ఒక కుర్రాఫీసరు పరిగెత్తుకొచ్చాడు. ఈవిడ అతను హారతి కోసమే వచ్చాడనుకుని పళ్ళెం ముందుకు చాపింది. అతను ఒక్క క్షణం ఆగి, కళ్ళకద్దుకుని, ఆ తర్వాత ఆర్పేశాడు. ఇంకొకరైతే కేకలేసేవాళ్ళు. దేవుడి పటం తెచ్చుకోండి, బ్యాటరీ దీపం తెచ్చుకోండి. నిప్పు వద్దు.

గది దగ్గర డబ్బు దండగ చేయకండి. కిటికీ లేని గది, కింది అంతస్తులో, ఓడకు మధ్యగా ఉన్నది తీసుకోండి. ఊగడం అక్కడ తక్కువ, ధర కూడా తక్కువ. సముద్రం చూడాలంటే పై డెక్కు మీదికి వెళ్ళి అందరితో కలిసి చూడవచ్చు. కిటికీ లేని గదిలో తెల్లవారిందీ లేనిదీ తెలియదు కాబట్టి అలారం పెట్టుకోండి. పెట్టుకోకపోతే టిఫిను అయిపోయాక లేస్తారు. బాల్కనీ గది తీసుకున్నవాళ్ళు దాని మీద తడి చీరలు ఆరేయవద్దు. గాలికి చీర సముద్రంలోకి పోతే తెచ్చిచ్చేవాళ్ళు లేరు.

వాంతుల మాత్ర కడుపు తిప్పాక వేసుకుంటే లాభం లేదు, ముందే వేసుకోవాలి. ఏ మాత్ర అన్నది మీ డాక్టరును అడగండి, పక్కింటావిడను కాదు. ఖాళీ కడుపుతో పడుకోవద్దు. మరమరాలో, బిస్కెట్లో, ఏదో ఒకటి పొడిగా తిని, దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసేచోట చూస్తూ కూర్చుంటే చాలామందికి సర్దుకుంటుంది.

బఫే దగ్గర మన మగవాళ్ళ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు. డబ్బు కట్టాం కదా అని పళ్ళెం గోపురంలా నింపి, సగం వదిలేస్తారు. కొంచెం పెట్టుకుని మళ్ళీ వెళ్ళండి, ఎవరూ వద్దనరు. మంచినీళ్ళు, టీ, భోజనం టిక్కెట్టులో కలిసే ఉంటాయి. రంగు నీళ్ళు, కూల్‌డ్రింకులు, ఫోటోలు కలిసి ఉండవు. ఓడ ఎక్కగానే ఒక కార్డు ఇస్తారు. గది తాళం అదే, పర్సూ అదే. గీకినప్పుడు ఏమీ తెలియదు, దిగే రోజు పొద్దున్న తెలుస్తుంది. ప్రతిరోజూ కౌంటరు దగ్గర ఎంతయిందో అడిగే అలవాటు చేయండి. అలాగే ఫోను విమానం గుర్తు మీద పెట్టమనండి. నడిసముద్రంలో సిగ్నల్ దొరికిందని సంబరపడి మాట్లాడితే, ఆ బిల్లు ఇంటికొచ్చాక ఏడవాలి.

మొదటిరోజు లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో, ఎక్కడ గుమిగూడాలో చూపిస్తారు. అప్పుడు ఎవరినీ గదిలో పడుకోనివ్వకండి. నేను ఒక్కొక్కరి తలుపూ బాదేదాన్ని. తిట్టుకున్నా పట్టించుకోలేదు.

ఒడ్డు మీద మిగిలిపోయిన మనిషి

ఇవన్నీ ఓడలో సర్దుకునే తప్పులు. సర్దుకోనిది ఒకటుంది. దాని గురించి చెప్పడానికే ఇదంతా రాశాను.

కంకిపాడు నుంచి మాణిక్యమ్మగారు, భారతమ్మగారు అని తోడికోడళ్ళు ఇద్దరు ఉండేవాళ్ళు. ఇద్దరికీ భర్తలు పోయారు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. బస్సు రోజుల నుంచీ మా ప్రతి యాత్రకూ వచ్చేవాళ్ళు. ఒక ఊరు దాటి ఇంకో ఊరు వచ్చేలోపల పోట్లాడుకోకపోతే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. ఓడలోనూ ఒకే గది అడిగారు. ఆ గదిలో పక్కదుప్పటి గురించి మొదలైన పోట్లాట శ్రీలంక ఒడ్డు కనబడేదాకా నడిచింది.

ట్రింకోమలీ రేవులో ఓడ ఆగింది. అక్కడ సముద్రం మీదికి వాలినట్టున్న కొండ మీద కోనేశ్వరస్వామి గుడి ఉంది. చూసి, సాయంత్రం లోపల ఓడ చేరాలి. ఓడ వాళ్ళే బస్సులు పెట్టి ఒడ్డు చూపిస్తారు, కానీ అది ఖరీదు. ప్రసాద్ గారు బయట వ్యాన్లు మాట్లాడారు. ఆయన మీద నా మొదటి కోపం ఇది. ఓడ వాళ్ళ బస్సులో వెళితే, ఆ బస్సు ఆలస్యమైనా ఓడ దాని కోసం ఆగుతుంది. బయటి వ్యాన్‌లో వెళితే ఆగదు. దండగ ఖర్చు నాకూ కిట్టదు. నా ఇంట్లో కరివేపాకు రెమ్మ కూడా పారేయను. అయినా చెబుతున్నాను: పరాయి దేశపు రేవులో పొదుపు చేయకండి.

గుడి దగ్గర ఎండకు రాజారావు గారనే పెద్దాయనకు కళ్ళు తిరిగాయి. నేను ఆయనను మొదటి వ్యాన్‌లో ఓడకు తీసుకొచ్చి, డాక్టరుకు అప్పజెప్పి, వంతెన దగ్గర నిలబడ్డాను. ఓడలోకి ఎక్కడానికి వేసిన ఇనుప వంతెన అది. ఒక్కొక్కరూ ఎక్కుతుంటే చూస్తున్నాను. చివరి వ్యాన్‌లోంచి భారతమ్మగారు ఒక్కతే దిగింది.

"మీ అక్కగారేరీ?"

ఆవిడ సంచి సర్దుకుంటూ నా వైపు చూడలేదు. "వచ్చుద్దిలెండి."

"ఏ బండిలో?"

"ఏ బండో నాకేం తెలుసు. సాయంత్రం హారతి కళ్ళకద్దుకుంటేగానీ కదలదంట. ఓడ పోద్దే అక్కా అన్నా. నన్నొదిలేసి ఎట్టా పోద్దీ, సామ్రాజ్యం లేదూ, అంది. నీ ఇష్టమొచ్చినట్టు ఏడువు అని నేనొచ్చేశా."

"ఒక్కదాన్నీ వదిలేసి వచ్చారా?"

"మీరు ఆపుతారుగా!"

ఒకావిడ నన్ను నమ్ముకుని గుడిలో నిలబడింది. ఇంకొకావిడ నన్ను నమ్ముకుని ఆమెను వదిలేసి వచ్చింది. ఇద్దరూ ఇది ఇంకా బస్సే అనుకుంటున్నారు.

మాణిక్యమ్మగారి ఫోను పలకదు. విమానం గుర్తు మీద పెట్టమని నేనే చెప్పాను. పాస్‌పోర్టులు ఓడ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఒడ్డుకు దిగేవాళ్ళ చేతిలో ఉండేది ఓడ కార్డూ, ఒక జిరాక్సు కాగితమూ. ఆమెకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. వ్యాన్ డ్రైవరుకు ఫోను చేయిస్తే, రేవు వాళ్ళు గేటు లోపలికి మళ్ళీ రానివ్వరని అతను తిరిగి వెళ్ళనన్నాడు. ఓడ తరఫున రేవులో పనులు చూసే ఏజెంటు, సెల్వం అనే తమిళాయన, తన మనిషిని గుడికి పంపాడు.

వంతెన తీసే వేళ అయింది. ఓడలో పనిచేసే విశాఖ అమ్మాయి ఒకతి ఆఫీసరు మాటలు నాకు తెలుగులో చెప్పింది. "మామ్మగారూ, రేవు వాళ్ళిచ్చిన టైము ఇదే. దాటితే ఓడకు దారి చూపి రేవు దాటించే పైలట్ ఉండడు. కెప్టెన్ గారు ఇప్పటికే ఆగగలిగినంత ఆగారు."

"ఇంకొంచెంసేపమ్మా. ముసలావిడ."

"తెలుసు మామ్మగారూ. నాకూ మామ్మ ఉంది. కానీ ఇది ఆగదు."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను వంతెన మీద అడ్డంగా కూర్చుంటే ఏమవుతుంది అని ఒక్క నిమిషం ఆలోచించాను. ఏమీ కాదు. మర్యాదగా లేపి పక్కన కూర్చోబెడతారు. అంతే.

ఆఫీసరు ఫోనులో ప్రసాద్ గారు దొరికారు. సంగతి విని, "మీరు దిగొద్దు పిన్నిగారూ, దిగొద్దు! మిగతా జనాన్ని ఎవరు చూస్తారు? ఏజెంటు ఆమెను విమానం ఎక్కించి పంపిస్తాడు" అని అరిచారు.

"ఏజెంటుకు ఆమె ముఖం తెలుసా బాబూ?"

"అది వాళ్ళ పని!" ఆయన మీద నా రెండో కోపం ఈ మాటకే.

"ఈ ఓడలో వీళ్ళకు అన్నం పెట్టేవాళ్ళున్నారు, డాక్టరున్నాడు, కెప్టెనున్నాడు. ఆవిడకెవరున్నారు?"

ఆయన ఇంకేదో అంటుండగానే ఫోను ఆఫీసరుకు ఇచ్చేశాను. నా పాస్‌పోర్టూ, మాణిక్యమ్మగారి పాస్‌పోర్టూ తెప్పించమన్నాను. భారతమ్మగారికి అప్పుడు అర్థమైంది, ఓడ నిజంగానే పోతుందని. నా చెయ్యి పట్టుకుంది.

"నేను దిగుతా. నా తోడికోడలు. నేను దిగుతా."

"మీరు దిగితే నాకు ఇద్దరవుతారు. గదిలోకి వెళ్ళి ఆవిడ పెట్టె సర్దండి."

గట్టిగానే అన్నాను. ఆవిడ చెయ్యి వదల్లేదు, నేనే విడిపించుకుని దిగాను.

ఓడ ఒడ్డు వదలడం లోపల ఉన్నవాళ్ళకు తెలియనే తెలియదు. ఒడ్డున ఉన్నవాళ్ళకు తెలుస్తుంది. ముందు తాళ్ళు వదిలారు. ఓడకూ గట్టుకూ మధ్య చెయ్యి పట్టేంత నీళ్ళు కనబడ్డాయి, తర్వాత మనిషి పట్టేంత, తర్వాత వీధంత. నా జనమంతా కమ్మీ దగ్గర నిలబడి నా వైపు చూస్తున్నారు. ఎవరూ చెయ్యి ఊపలేదు. నా మనుషులను ఎక్కించుకుని, నన్ను వదిలేసి ఒక బండి పోవడం నా జన్మలో అదే మొదటిసారి.

ఎంతసేపటికో గేటు దగ్గర ఆటో ఆగింది. సెల్వం మనిషి వెంట మాణిక్యమ్మగారు దిగింది. నుదుటి నిండా విభూతి, ముఖంలో ఎంతో ప్రశాంతం. గట్టు దాకా నడిచి వచ్చి ఖాళీ నీళ్ళు చూసి ఆగిపోయింది.

"ఓడేదే సామ్రాజ్యం?"

నేను సముద్రం వైపు చూపించాను. అప్పటికి అది చిన్న దీపాల వరుస.

"పోయిందా?"

"పోయింది."

"మరి నువ్వు?"

"నేను పోలేదు."

ఆవిడ అక్కడే తాళ్ళు కట్టే ఇనుప మొద్దు మీద కూలబడింది. చుట్టూ చూసి అడిగింది, "భారతి?"

"ఓడలో ఉంది."

అప్పుడు ఆ ప్రశాంతమంతా పోయింది. "నన్నొదిలేసి ఓడెక్కిందా? నలభై ఏళ్ళు ఒకే పొయ్యి మీద వండుకున్నాం. ఒట్టు, ఇంటికి పోగానే వసారా మధ్యలో గోడ కట్టిస్తా. దాని వంట దానిది, నా వంట నాది."

తిరుగుదారి

నాకు వచ్చిన అరవం రామేశ్వరం కూరగాయల అంగళ్ళలో నేర్చుకున్నది. ఆ ముక్కలతోనే సెల్వం వెంట ఆఫీసుల చుట్టూ తిరిగాను. ఆయన మంచివాడు. కాగితాలు చేయించి, ఇంటి నుంచి ఇడ్లీలు తెప్పించి, మమ్మల్ని కొలంబో వెళ్ళే బండి ఎక్కించాడు. అక్కడి నుంచి విమానం. దారంతా మాణిక్యమ్మగారు గోడ గురించే మాట్లాడింది. ఎంత ఎత్తు, తలుపు ఎటు, బావి నీళ్ళు ఎవరివి. నేను సర్దిచెప్పలేదు. కోపం ఉన్నంతసేపూ ఆవిడకు భయం వేయదు, పోనీలే అనుకున్నాను. విమానంలో మాత్రం బెల్టు బిగించుకుని, "ఇది కూడా ఎవరి కోసం ఆగదా?" అని మెల్లగా అడిగింది.

"ఆగదు."

"మన బస్సే నయం."

ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చాయి. కిటికీ వైపు తిరిగాను.

ప్రసాద్ గారు ఆ తర్వాత నాతో చాలా రోజులు మాట్లాడలేదు. జనాన్ని వదిలేసి దిగడం తప్పని ఆయన మాట. ఆయన వైపు నుంచి చూస్తే అదీ నిజమే. ఓడలో ఉన్నవాళ్ళకు ఏమైనా అయితే ఆయనే జవాబు చెప్పాలి. కానీ అప్పటి నుంచి ఒడ్డు చూపించడానికి ఓడ వాళ్ళ బస్సులే మాట్లాడటం మొదలుపెట్టారు. నాతో ఒప్పుకోకపోయినా అలా ఒప్పుకున్నారనుకుంటాను.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నా మాట ఇది. ఎక్కబోయే వాళ్ళకు ఆగదు అని ముందే, మొహమాటం లేకుండా చెప్పండి. బెదరగొట్టినా ఫరవాలేదు. ఒడ్డు దిగే ప్రతి మనిషి చేతిలో ఓడ పేరు, రేవు పేరు, ఏజెంటు ఫోను నంబరు రాసిన కాగితం పెట్టండి. ఒడ్డు మీద ఫోను పనిచేసేలా ముందే చేయించండి, సముద్రం మీదికి వచ్చాక ఆపించండి. జోడీగా వచ్చినవాళ్ళను జోడీగానే ఎక్కించండి. పోట్లాడుకున్నవాళ్ళనైతే తప్పకుండా. ఇన్ని చేసినా ఎవరో ఒకరు మిగిలిపోయే రోజు వస్తుంది. ఆ రోజు ఎక్కువమంది ఎటున్నారని లెక్క చూడకండి. ఎవరికి ఎవరూ లేరో అటు దిగండి. యజమాని తిడతాడు. తిట్టనీయండి.

మేము చెన్నై చేరిన మర్నాడు పొద్దున్నే ఓడ వచ్చింది. మాణిక్యమ్మగారిని రేవుకు రావద్దన్నాను. "రాకపోతే నా పెట్టె ఎవరు తెస్తారు, దాన్ని నమ్మేదెట్టా" అని వచ్చింది. జనం దిగుతున్నారు. అందరూ మా చుట్టూ చేరి ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆవిడ మాత్రం తలుపు వైపే చూస్తోంది.

భారతమ్మగారు అందరికంటే చివర వచ్చింది. రెండు చేతుల్లోనూ రెండు పెట్టెలు, భుజానికి రెండు సంచులు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఓడలో ఆ రోజు నుంచీ అన్నం దగ్గరికి రాలేదని పక్క గది ఆవిడ నా చెవిలో చెప్పింది. వచ్చి తోడికోడలికి ఎదురుగా నిలబడింది గానీ, పెట్టెలు కూడా కింద పెట్టలేదు.

చివరికి, "హారతి దొరికిందా అక్కా?" అంది.

మాణిక్యమ్మగారు ఆవిడను కింది నుంచి పైదాకా చూసింది.

"దొరికింది. పక్కన నువ్వు లేవుగా, ఇంక పద ఇంక పద అని గొణగడానికి. ఎంతసేపు నిలబడ్డానో తెలియనే లేదు."

భారతమ్మగారు ఒక పెట్టె ఆవిడ చేతికి ఇచ్చింది.

"ఇంక పద," అంది.